తొక్క మీద గీత, మొదట్లో నీరు

బుట్టలో నాలుగు రోజులున్న బత్తాయిల్లో ఒకటి మెత్తబడుతుంది. మొదట తొక్క మీద రూపాయి బిళ్లంత మచ్చ. వేలితో నొక్కితే లోపలికి దిగుతుంది. మర్నాటికి ఆ మచ్చ మీద తెల్లని నూగు పరుచుకుంటుంది. నూగు నడుమ పాచి రంగు పొడి పుట్టి, చూస్తుండగానే కాయనంతా కమ్మేస్తుంది. తీసి పారేయబోతే ఆ పొడి పొగలా లేస్తుంది. పొగలా కనిపించేవి శిలీంధ్రపు సిద్ధబీజాలు. పూర్తిగా బూజు పట్టిన ఒక్క కాయ మీద అవి వంద కోట్ల నుంచి రెండు వందల కోట్ల దాకా ఉంటాయని అంచనా. గోడౌను గాలిలో, గంప అంచుల్లో, కోసేవారి చేతుల మీద, నిగనిగలాడే కాయ తొక్క మీద కూడా అవి ఎప్పుడూ ఉండేవే. మరి బుట్టలో ఆ ఒక్క కాయే ఎందుకు కుళ్లింది? పక్కనే ఉండి, అదే పొడి మీద పడ్డ మిగతా కాయలు ఎలా నిలబడ్డాయి? నిమ్మజాతి పండ్ల తెగుళ్ల గురించి ఆలోచించేవారు ముందుగా తేల్చుకోవలసిన ప్రశ్న ఇది. దీనికి జవాబు తెలియకుండా కొట్టే మందు చీకట్లో విసిరిన రాయి వంటిదని నా అభిప్రాయం.

ఈ పచ్చబూజు శాస్త్రీయ నామం పెనిసిలియం డిజిటేటమ్. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్‌కు పెనిసిలిన్ జాడ చూపిన బూజు కూడా ఈ ప్రజాతిదే. కానీ ఇది దాదాపుగా నిమ్మజాతి పండ్లకే కట్టుబడి బతుకుతుంది. దీని తోబుట్టువు నీలిబూజు, పెనిసిలియం ఇటాలికమ్, చల్లని గిడ్డంగుల్లో దీనికన్నా చురుగ్గా పెరుగుతుంది. తాకిన కాయకల్లా పాకుతూ గుంపులు గుంపులుగా కుళ్లబెడుతుంది. రెంటిలోనూ ఒక బలహీనత ఉంది. చెక్కుచెదరని తొక్కను చీల్చుకుని లోపలికి పోయే శక్తి వీటికి సాధారణంగా ఉండదు. ఎవరో ఒకరు దారి తెరిచి పెట్టాలి.

ఈ సంగతిని ప్రయోగపూర్వకంగా నిరూపించిన కథ నూట ఇరవై ఏళ్ల నాటిది. అయినా మన తోటలకు అది నేటికీ కొత్త పాఠమే. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కాలిఫోర్నియా నారింజ రైతులు రైలు పెట్టెల్లో కాయలను ఖండం ఆ చివరి వరకు, న్యూయార్క్ దాకా పంపేవారు. దారిలో కాయలు పెద్ద ఎత్తున కుళ్లిపోయేవి. రైళ్లు ఆలస్యమవుతున్నాయని రైతులు, కాయలోనే లోపముందని రైల్వేలు, మంచు గడ్డలు చాలలేదని వ్యాపారులు ఒకరినొకరు నిందించుకున్నారు. 1904లో అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన జి. హెరాల్డ్ పావెల్ బృందం ఈ చిక్కును విప్పడానికి పూనుకుంది. వారు ప్రయోగశాలలో కూర్చోలేదు. తోటలో కోత దగ్గర నిలబడ్డారు, ప్యాకింగ్ శాలలో కాయల వెంట నడిచారు. ఒక భాగం కాయలను తామే ఎంతో జాగ్రత్తగా కోసి, సర్ది, రైలెక్కించారు. మరో భాగాన్ని అప్పటి వాడుక ప్రకారమే పంపించారు. గమ్యంలో రెంటినీ తెరిచి లెక్క పెట్టారు.

జాగ్రత్తగా కోసిన కాయలు నిలబడ్డాయి, మామూలుగా కోసినవి కుళ్లాయి. కోసే కత్తెర మొన తొక్కను గీసిన చోట బూజు. కోసేవారి గోరు దిగిన చోట బూజు. ముచ్చిక పొడవుగా వదిలేస్తే అది పక్క కాయలో గుచ్చుకున్న చోట బూజు. పెట్టె అడుగున చేరిన గులకరాయి, ఎండుపుల్ల ఒరుసుకున్న చోట బూజు. చాలా గాయాలు కంటికి ఆనవు, భూతద్దం పెట్టి వెదకాలి. ఈ ఫలితాలన్నీ 1908లో వ్యవసాయ శాఖ బులెటిన్‌గా వెలువడ్డాయి. ఆ తరువాత అక్కడి రైతు సంఘాలు కోత పనిని తామే చేతిలోకి తీసుకుని, కూలీలకు తర్ఫీదు ఇచ్చి, చేతులకు తొడుగులు తొడిగి, పనిముట్లు మార్చాయి. ఒక తెగులు తీవ్రతను, చుక్క మందు కొట్టకుండా, చేతి పనిని మార్చి తగ్గించిన ఉదాహరణగా వ్యవసాయ చరిత్రలో దీనికి గొప్ప స్థానం ఉందని నేను నమ్ముతాను.

గాయమే దారి ఎందుకైంది? కేవలం తొక్క తెగినందువల్లనే కాదు. బత్తాయి తొక్కలో కంటికి చుక్కల్లా కనిపించేవి నూనె తిత్తులు. అవి పగిలితే లిమొనీన్ వంటి సుగంధ ద్రవ్యాలు ఆవిరిగా బయటికి వస్తాయి. తొక్క ఒలిచినప్పుడు మన ముక్కుకు తగిలే ఘుమఘుమ అదే. చాలా సూక్ష్మజీవులకు ఈ నూనెలు విషం. పచ్చబూజుకు మాత్రం పిలుపు. గాయపడిన నారింజ నుంచి వచ్చే ఆవిర్లు పెనిసిలియం డిజిటేటమ్ సిద్ధబీజాలను మొలకెత్తేలా ప్రేరేపిస్తాయని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం రివర్‌సైడ్‌లో జోసెఫ్ ఎకెర్ట్ బృందం 1990లలో చూపించింది. మొలకెత్తాక తేమ, చక్కెర ఎలాగూ గాయంలోనే దొరుకుతాయి. ఆపైన శిలీంధ్రం తన చుట్టూ ఉన్న కణజాలాన్ని ఇంకా ఆమ్లంగా మార్చుకుని, తొక్కను కలిపి ఉంచే పెక్టిన్‌ను కరిగించే ఎంజైములకు అనువైన పరిస్థితి కల్పించుకుంటుంది. 25 డిగ్రీల వేడిలో గాయం నుంచి కొత్త సిద్ధబీజాల దాకా ఈ చక్రం తిరగడానికి మూడు నుంచి ఐదు రోజులు చాలు. అనంతపురంలో లోడెత్తిన లారీ ఢిల్లీ చేరి, కాయ దుకాణానికి వచ్చేసరికి సరిగ్గా అంతే కాలం పడుతుంది.

రాయలసీమలో చీనీ అన్నా, నల్లగొండలో బత్తాయి అన్నా, ఆ కాయకు జరిగే మర్యాద ఒకటే. కొమ్మ పట్టి లాగి కోస్తారు. లాగినప్పుడు ముచ్చిక దగ్గర తొక్క చిరుగుతుంది. గంపలోంచి కుప్పలోకి, కుప్పలోంచి లారీలోకి కాయలు దొర్లిస్తారు. వరిగడ్డి పరిచిన లారీలో విడి కాయల మీద విడి కాయలు పోస్తారు, అడుగునున్నవి పైబరువుకు నలుగుతాయి. దారిలో పోయే తరుగంతా ముందే లెక్కగట్టినట్టు, తూకంలో టన్నుకు ఇంత అని ‘సూట్’ పేరుతో రైతు దగ్గరే కోత పెడతారు. కుళ్లు నష్టం ఇలా రైతు మీదికే వస్తున్నప్పుడు, ఆ కుళ్లుకు కారణమైన గాయాలను తగ్గించే పద్ధతి కూడా రైతుకు తెలియాలి కదా.

మంచు తడి ఆరకముందు, వాన వెలిసిన వెంటనే కాయ కోయకూడదు. అప్పుడు తొక్క నీటితో బిగిసి ఉంటుంది, కొంచెం ఒత్తినా నూనె తిత్తులు పగులుతాయి. మొనలు గుండ్రంగా ఉన్న కత్తెరతో, ముచ్చిక కాయను అంటిపెట్టుకుని ఉండేలా, కాయ మట్టానికి కత్తిరించాలి. గోళ్లు తీసుకుని, వీలైతే నూలు తొడుగులు వేసుకోవాలి. కుప్ప పోయకుండా చెట్టు కిందే ప్లాస్టిక్ క్రేట్లలో సర్దాలి. నేల మీద పడిన కాయను ఎంత బాగున్నా వేరుగా పెట్టాలి. చెప్పడానికి ఇవి చిన్న మాటలు. పదిమంది కూలీలతో, వ్యాపారి తొందర మధ్య చేయడం చిన్న పని కాదు.

తోటలోనే దాగి ఉండి కాయతో పాటు బయలుదేరే శిలీంధ్రాలు వేరే ఉన్నాయి. లేసియోడిప్లోడియా అనే శిలీంధ్రం ఎండిన పుల్లల్లో బతుకుతూ, వాన చినుకులతో కాయ ముచ్చిక కిందికి చేరి, కోత తరువాత అక్కడి నుంచి గోధుమ రంగు కుళ్లుగా దిగుతుంది. కొల్లెటోట్రైకమ్ కూడా అంతే; కొమ్మల కొనలు ఎండడంతో మొదలుపెట్టి కాయ మచ్చ దాకా వస్తుంది. వీటికి ఏటా ఎండుపుల్లలు కత్తిరించి తగలబెట్టడమే సగం వైద్యం. కొమ్మల్లోకి గాలి, ఎండ దిగాలి.

ప్యాకింగ్ శాలల్లో శిలీంధ్రనాశకాల చరిత్ర చూస్తే, ఒక్క ఆయుధాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో తెలుస్తుంది. 1960ల చివర థయాబెండజోల్ వచ్చింది, ఆ తరువాత ఇమజలిల్ వచ్చింది. మొదట అద్భుతంగా పనిచేశాయి. ఏటేటా అదే మందు, అదే శాల, అదే గాలి. కోట్ల కోట్ల సిద్ధబీజాల్లో ఎక్కడో ఒకటి మందును తట్టుకునేది ఉంటుంది. మందు దాని పోటీదారులందరినీ తుడిచి, దానికే చోటు ఖాళీ చేసి ఇస్తుంది. రెండు మందులకూ లొంగని బూజు కాలిఫోర్నియా శాలల్లోనే కనిపించింది. కుళ్లిన కాయలను శాల మూల పోగుపెట్టడం ఈ మొండి జాతులను పెంచి పోషించడమే. వాటిని ఏ రోజుకు ఆ రోజు, గాలి వీచే వైపు కాకుండా, దూరంగా తీసుకెళ్లి పూడ్చాలి. ఏ మందు కన్నా ముందు చేయవలసిన పని ఇది.

మందుకు ప్రత్యామ్నాయాలు లేకపోలేదు. వాటిలో నాకు ఎక్కువ నమ్మకం కలిగించేది వేడి. 1920లలోనే కాలిఫోర్నియాలో హోవర్డ్ ఫాసెట్ వేడినీటిలో ముంచి కాయల గోధుమ కుళ్లును అదుపు చేశారు. ఇజ్రాయెల్‌లోని వోల్కనీ కేంద్రం శాస్త్రజ్ఞులు దీన్ని మెరుగుపరిచి, కాయలను బ్రష్షుల మీద దొర్లిస్తూ 56 నుంచి 62 డిగ్రీల నీటిని ఇరవై సెకన్ల పాటు చల్లే పద్ధతి తెచ్చారు. ఆ కాస్త వేడికి తొక్క మీది మైనం కొద్దిగా కరిగి సన్నని పగుళ్లను పూడుస్తుంది, కాయలో రక్షణ చర్యలు మేల్కొంటాయి. ఇంకో పద్ధతిలో కాయలను 30 డిగ్రీలు దాటిన వేడిలో, 90 శాతానికి పైబడిన గాలి తేమలో ఒకటి నుంచి మూడు రోజులు ఉంచుతారు. ఆ వ్యవధిలో గాయం అంచుల్లో లిగ్నిన్ వంటి గట్టి పదార్థం చేరి కాయ తన పుండును తానే మాన్చుకుంటుంది. మన సీమ వేసవిలో వేడికి కొదవ లేదు కదా అనిపించవచ్చు. కానీ ఆ వేడిలో తేమ ఉండదు. పొడి వేడిలో ఉంచిన కాయ మానదు, ముడుచుకుపోతుంది. తేమ కట్టడి చేసే గది లేకుండా ఈ పని తలపెట్టకూడదు.

చౌకైనది సోడా. సోడియం కార్బొనేట్, వంటసోడాగా మనం ఎరిగిన సోడియం బైకార్బొనేట్ ద్రావణాల్లో కాయలను ముంచితే బూజు మొలక ఆగుతుంది. ఒకప్పుడు కాలిఫోర్నియా శాలల్లో వాడి వదిలేసిన ఈ పద్ధతిని 1990లలో జోసెఫ్ స్మిలానిక్ బృందం తిరిగి పరిశోధించింది. మూడు శాతం ద్రావణం, గోరువెచ్చగా ఉంటే మరింత ఫలితం. అయితే సోడా శిలీంధ్రాన్ని చంపదు, అడ్డుకుంటుంది. కాయ మీద మిగిలి ఉన్నంత సేపే దాని పని. వాడేసిన ద్రావణాన్ని తోటలోకి వదలకూడదు, అందులోని సోడియం నేలను చౌడుగా మారుస్తుంది. ఇక జీవ నియంత్రణ. కాయ తొక్క మీది గాయంలోకి శిలీంధ్రం కన్నా ముందే చేరి, అక్కడి ఆహారాన్ని తినేసే ఈస్టులు ఉన్నాయి. కాండిడా ఒలియోఫిలా అనే ఈస్టు నుంచి తయారైన మందు 1995లో అమెరికాలో అనుమతి పొందింది. మార్కెట్లో అది నిలదొక్కుకోలేదు. ఈస్టు ప్రాణి, గిడ్డంగిలో నిల్వ, వేడి, వాడే వేళ అన్నీ కుదరాలి. దాన్ని వేడినీటితోనో సోడాతోనో జత చేస్తే ఫలితం నిలకడగా ఉంటుందని ప్రయోగాలు చెబుతున్నాయి.

ఇక చెట్టు సంగతి. కాయకు తొక్క మీది గీత ఎలాంటిదో చెట్టుకు మొదట్లో నిలిచిన నీరు అలాంటిది. బత్తాయి చెట్టు కాండం అడుగున బెరడు పగిలి తేనె రంగు బంక కారడం చూసిన రైతులు ఎందరో. బంక తెగులుకు కారణం ఫైటోఫ్తొరా. మొక్కల వినాశకారి అనే అర్థంలో 1876లో ఆంటన్ డి బారీ పెట్టిన పేరిది. ఐర్లాండ్ బంగాళాదుంప కరవుకు కారణమైనది కూడా ఈ ప్రజాతి జీవే. దీన్ని మనం శిలీంధ్రాల లెక్కలో వేస్తున్నాం కానీ, నిజానికి ఇది శిలీంధ్రం కాదు. దీని కణ కవచం ప్రధానంగా సెల్యులోజ్‌తో కట్టినది, వంశంలో నాచు జాతులకు దగ్గరిది. దీని బీజాలకు రెండు తోకలుంటాయి. నేలలోని నీటిలో ఈదుకుంటూ వచ్చి వేరును పట్టుకుంటాయి. ఇది పాఠ్యపుస్తకానికి పరిమితమైన సంగతి అనుకుంటే పొరపాటు. శిలీంధ్రాల మీద పనిచేసే కార్బెండజిమ్ దీని మీద పనిచేయదు. బంక కారుతున్న చెట్టు మొదట్లో కార్బెండజిమ్ పోసిన రైతు డబ్బు పోగొట్టుకోవడమే కాక, నేలలో ఫైటోఫ్తొరాకు పోటీగా ఉన్న మేలుచేసే శిలీంధ్రాలను కూడా చంపుకుంటాడు. నిమ్మ గజ్జి తెగులు విషయంలోనూ ఇదే చిక్కు. దానికి కారణం బాక్టీరియా. అంగడికి పోయే ముందు తెగులు పేరు తెలియాలి.

ఈదే జీవిని ఆపాలంటే ఈత కొట్టే నీటిని ఆపాలి. చెట్టు మొదలు చుట్టూ రెండడుగుల దూరంలో ఒక గట్టు, పందిరి అంచున మరో గట్టు వేసి, ఆ రెండు గట్ల మధ్యనే నీరు పారించే జంట పాదుల పద్ధతిని మన శాస్త్రజ్ఞులు చిరకాలంగా చెబుతున్నారు. డ్రిప్పు ఉన్నచోట కూడా డ్రిప్పర్‌ను మొదలుకు ఆనించకూడదు. ఒక చెట్టు పాదులోంచి మరో చెట్టు పాదులోకి నీరు పారించడం అంటే తెగులును చేతులారా సాగనంపడం. అంటు కట్టిన చోటు నేలకు అడుగు ఎత్తున ఉన్న మొక్కనే నర్సరీలో ఎంచుకోవాలి, నాటేటప్పుడు ఆ అతుకును మట్టిలో పూడ్చకూడదు. నల్లరేగడిలో, నీరు తీయని పల్లంలో బత్తాయి వేయడం గురించి మరోసారి ఆలోచించాలి.

వేరుమూలం విషయంలో చరిత్ర చేసిన హెచ్చరిక ఒకటుంది. 1830లలో అట్లాంటిక్‌లోని అజోర్స్ దీవుల్లో బంక తెగులు తోటలను తుడిచిపెట్టింది, తరువాత మధ్యధరా తీరానికి పాకింది. తెగులును తట్టుకునే పుల్లనారింజ వేరు మీద అంటు కట్టడం అప్పటి నుంచి ప్రపంచమంతా వాడుకైంది. సమస్య తీరిందనుకున్నారు. 1930లలో దక్షిణ అమెరికాలో ట్రిస్టెజా వైరస్ వచ్చింది. పుల్లనారింజ వేరు మీద ఉన్న బత్తాయి చెట్లే దానికి ఎర. అర్జెంటీనా, బ్రెజిల్‌లలో లక్షలాది చెట్లు చనిపోయాయి. అందుకే మన దగ్గర చీనీకి తిరుపతి పరిశోధన స్థానం సిఫారసు చేసిన రంగపూర్ నిమ్మ వేరును నేను గౌరవంతో చూస్తాను. అది ట్రిస్టెజాను, బెట్టను తట్టుకుంటుంది, బంక తెగులు విషయంలో జంబేరి నిమ్మ వేరు కన్నా మేలు. అయినా అభేద్యం కాదు. ఆ వేరు ఉన్నంత మాత్రాన మొదట్లో నీరు నిలపవచ్చని అర్థం కాదు.

బంక కారే చోట చచ్చిన బెరడును ఆరోగ్యమైన కణజాలం కనిపించేదాకా చెక్కి బోర్డో పేస్టు పూయడం మనకు తెలిసిన వైద్యమే. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీరు. వానలకు ముందొకసారి, తరువాత ఒకసారి కాండానికి పూస్తే చాలు. 1880లలో ఫ్రాన్స్‌లోని బోర్డో ద్రాక్షతోటల్లో మిల్లార్డే పరిశీలన నుంచి పుట్టిన ఈ మిశ్రమం ఇంతకాలం నిలవడం ఆశ్చర్యం. కాండానికి పూసేది కొద్దిపాటే, దాని మీద నాకు అభ్యంతరం లేదు. తోటంతా పదేపదే పిచికారీ చేయడం మాత్రం వేరే లెక్క. ఒక శాతం మిశ్రమం ఎకరాకు 500 లీటర్లు కొడితే 5 కిలోల మైలుతుత్తం అవుతుంది, అందులో కిలోంపావు రాగి. రాగి మూలకం, అది నేలలో ఎన్నటికీ విచ్ఛిన్నం కాదు. ఐరోపా సమాఖ్య 2019 నుంచి హెక్టారుకు ఏడేళ్లలో 28 కిలోల రాగికి మించకూడదని హద్దు పెట్టింది. అంటే ఎకరాకు ఏడాదికి సుమారు 1.6 కిలోలు. ఏటా రెండు పిచికారీలతోనే మనం ఆ హద్దు దాటుతాం. ఫ్లోరిడా నారింజ తోటల్లో దశాబ్దాల రాగి పేరుకుని చెట్ల వేళ్లే దెబ్బతిన్న అనుభవం ఉంది.

వేళ్లను ఎండబెట్టే ఫ్యూజేరియం సొలాని ఇంకో రకం శత్రువు. ఇది నేలలో ఊరికే పడి ఉంటుంది, చెట్టు అలసినప్పుడు లేస్తుంది. లోతుగా దున్ని వేళ్లు తెంపినప్పుడు, బెట్ట మరీ ఎక్కువ రోజులు పెట్టినప్పుడు, శక్తికి మించి కాయ దించుకున్నాక ఒక్కసారిగా ఆకులు వాలిపోయి, కాయలు చెట్టునే వేలాడుతూ ఎండుతాయి. అప్పటికి చేయగలిగేది తక్కువ. ముందుగా చేయగలిగింది ట్రైకోడెర్మా అనే మేలుచేసే శిలీంధ్రాన్ని నేలకు ఇవ్వడం. వంద కిలోల మాగిన పశువుల ఎరువు, పది కిలోల వేపపిండి, రెండు కిలోల ట్రైకోడెర్మా కలిపి, నీడలో తడిపి, గోనె కప్పి వారం పది రోజులు పెంచి పాదులో వేయాలి. చనిపోయిన ఎరువులో పడేసిన పొట్లం ట్రైకోడెర్మా కాదు. అది తిని పెరిగితేనే పనిచేస్తుంది. అదే వారంలో పాదులో కార్బెండజిమ్ పోస్తే వేసింది వేసినట్టే చస్తుంది. పచ్చిరొట్ట, ఆకు మల్చింగ్ ఉన్న నేలలో దానికి తోడు ఎన్నో జీవులు నిలుస్తాయి.

ఇందులో ఏదీ రైతు ఒక్కడి భుజాన వేయదగిన భారం కాదు. కోత కూలీ టన్ను లెక్కన ముట్టేంతకాలం చేతి వేగమే కూలీకి అన్నం పెడుతుంది, జాగ్రత్త కాదు. గాయం లేని కాయకు ఎక్కువ ధర ఇచ్చే కొనుగోలుదారు లేనప్పుడు కత్తెర ఎవరు కొంటారు? రైతు ఉత్పత్తిదారుల సంఘాలు కోత బృందాలను తామే పెట్టుకుని, రోజు కూలీ ఇచ్చి, క్రేట్లు తిప్పగలిగితే దారి తెరుచుకుంటుంది. అందుకు ముందు ఒక చిన్న పరీక్ష ఎవరి తోటలో వారు చేసుకోవచ్చు. ఒకే చెట్టు నుంచి వంద కాయలు కత్తెరతో, గోరు తగలకుండా కోసి ఒక క్రేటులో. వంద కాయలు ఎప్పటిలా లాగి, గంపలోంచి దొర్లించి మరో క్రేటులో. రెంటినీ ఒకే నీడన పెట్టి పదో రోజున కుళ్లినవి ఏరి లెక్క పెట్టాలి. ఆ రెండు అంకెలను ఆ మధ్యాహ్నమే కోత మేస్త్రీకీ, లారీ ఎత్తే హమాలీకీ, కొనవచ్చిన వ్యాపారికీ చూపించాలి.